మద్దిలేటి సార్ లేచి వెళ్ళిన గది

నాపరాయి మీద ఇనుప కుర్చీని ఈడిస్తే వచ్చే చప్పుడుకు నా పళ్ళు జివ్వుమంటాయి. మా నంద్యాలలో ఏ ఇంట్లో చూసినా, ఏ ఆఫీసులో చూసినా కింద నాపరాళ్ళే. ఆ చప్పుడు వినకుండా ఈ ఊళ్ళో బతకలేం. మొన్న మా విశ్వవిద్యాలయ కళాశాలలో ఇంటర్వ్యూలు జరుగుతుంటే, నా పక్కనున్న సభ్యుడు ఫ్యాను గాలి తగలడం లేదని కుర్చీని బర్రున వెనక్కి లాక్కున్నాడు. నేను ఉలిక్కిపడి తలుపు వైపు చూశాను, మద్దిలేటి సార్ బయటికి వెళ్తున్నాడని. సార్ ఉద్యోగం దిగిపోయి ఏళ్ళయింది, ఆ తర్వాత లోకం నుంచే వెళ్ళిపోయాడు. చెవికి ఇవేవీ తెలియవు కాబోలు, మెడ దానంతట అదే తిరిగింది.

ఆయన మా భూగర్భశాస్త్ర విభాగానికి అధిపతి, నా మొదటి పై అధికారి. బక్కపలచని మనిషి. బెలుం గుహలకు విద్యార్థులను తీసుకుపోతే అందరికంటే ముందు తానే వంగి లోపలికి దూరి, ప్యాంటు మోకాళ్ళకు మట్టి పూసుకుని, ఆ మట్టితోనే మర్నాడు కాలేజీకి వచ్చేవాడు. ఆయన్ని చూడనివాళ్ళకు ఆయన గురించి ఒక్కమాటలో చెప్పమంటే, కుర్చీలోంచి లేచి వెళ్ళే మనిషి అని చెబుతాను. ఇప్పటివాళ్ళు దీనికి పెద్ద పెద్ద పేర్లు పెట్టి, నిబంధనలు రాసి, సంతకాలు తీసుకుంటున్నారు. అప్పట్లో మా దగ్గర అలాంటివేమీ లేవు. మద్దిలేటి సార్ ఉన్నాడు, అంతే. పరికరాల కొనుగోలు కానీ, పరీక్ష పేపర్లు దిద్దడం కానీ, ఉద్యోగాలు కానీ, తనకు కావలసినవాళ్ళ సంగతి వచ్చిందంటే చాలు, కుర్చీ చప్పుడయ్యేది. "నాకు దీంట్లో సంబంధముండాది. మీరు చూసుకోండప్పా" అనేసి వరండాలోకి వెళ్ళి నీళ్ళ ఫిల్టరు పక్కన నిలబడేవాడు. ఏం సంబంధమో మాత్రం చెప్పేవాడు కాదు. చెబితే అదొక సిఫారసు అయిపోతుందని ఆయన భయం. మా ఊళ్ళో ఎవరి పేరు కదిపినా ఎవరో ఒకరికి బావో మేనమామో అవుతాడు కాబట్టి, కొన్ని సమావేశాల్లో సార్ లోపల కంటే బయటే ఎక్కువసేపు ఉండేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. కాలేజీకి సంబంధించినవాళ్ళ ఇంట్లో మెతుకు ముట్టేవాడు కాదు. మా అటెండరు ఓబులేసు కూతురి పెళ్ళికి అందరం వెళ్ళాం. సార్ వచ్చాడు, అక్షింతలు వేశాడు, బంతి వేసే వేళకు చెప్పులు తొడుక్కున్నాడు. ఓబులేసు చేతులు పట్టుకుని ఒక్క ముద్ద తినిపొమ్మని అడిగాడు. కడుపు బాగలేదని చెప్పి సార్ వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఓబులేసు నా విస్తట్లో పప్పు వడ్డిస్తూ, "మేం పెడితే తినరులేమ్మా పెద్దోళ్ళు" అన్నాడు. అతను దేని గురించి అన్నాడో అక్కడున్న అందరికీ తెలుసు. కులం అన్న మాట ఎవరూ నోటితో అనలేదు, అంతే. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తేల్చుకోలేక తలవంచుకుని తిన్నాను.

ఇక నా ఉద్యోగం సంగతి. మాది ఆళ్ళగడ్డ. నాయన శిల్పి. ఇంటి ముందు పాకలో పొద్దున్నుంచీ ఉలి చప్పుడే. మా వంశంలో రాళ్ళను కొట్టినవాళ్ళే కానీ రాళ్ళ గురించి చదివింది నేనొక్కదాన్నే. ఇంటర్వ్యూ రోజు బెంచీ మీద నా పక్కన నూర్జహాన్ అని నంద్యాల అమ్మాయి కూర్చుంది. ఉన్నది ఒక్కటే పోస్టు. నేను తొలి బస్సుకు ఏమీ తినకుండా వచ్చాను. నా కడుపు గుర్రుమన్న చప్పుడు తనకు వినిపించింది కాబోలు, టిఫిను డబ్బా తీసి బొరుగుల ఉగ్గాని మూతలో సగం పెట్టి నా ఒళ్ళో ఉంచింది. "కడుపు కాల్తా ఉంటే లోపల ఏం జెప్తావ్? తిను" అంది. తిన్నాను. లోపల రెండు ప్రశ్నలకు తడబడ్డాను కూడా. తను మాత్రం నవ్వుకుంటూ బయటికి వచ్చింది. ఉద్యోగం నాకు వచ్చింది.

చేరిన కొత్తలో అదంతా నా గొప్పే అనుకున్నాను. మా విభాగంలోనే పెద్దాయన శేషారెడ్డి సార్ ఒకరోజు టీ తాగుతూ, మద్దిలేటన్న మీకు ఏమవుతాడమ్మా అని అడిగాడు. ఏమీ కాడని చెప్పాను. ఆయన నమ్మలేదు. కన్ను గీటినంత పని చేసి అసలు సంగతి బయటపెట్టాడు.

"నువ్వు లోపలికి రాంగానే అన్న లేసి బయటికి పాయ గదమ్మా. ఆయప్ప నోరు తెరిచి అడిగే మనిషి కాదు. మేమే అర్థం చేసుకోవాల. చేసుకుంటిమి."

ఇంటర్వ్యూలో సార్ లేచి వెళ్ళడం నేను చూశాను. ఎవరో ఫోను చేసి ఉంటారనుకున్నాను. అంటే, ఆయన ఎవరి విషయంలో లేస్తే వాళ్ళు ఆయన మనుషులని అందరూ కనిపెట్టేవాళ్ళన్నమాట. ఆయన మీద గౌరవం కొద్దీ, ఆయన లేని గదిలో ఆయన మనుషులకే పని చేసిపెట్టేవాళ్ళన్నమాట. లంచం లేదు, సిఫారసు లేదు, ఒక్క మాట లేదు, కుర్చీ చప్పుడొక్కటే. మరి నా ఉద్యోగం ఎవరిది? నా చదువుదా, ఆ చప్పుడుదా? బయటికి నవ్వుతూ వచ్చిన ఆ నూర్జహాన్‌దా? మూడు రాత్రులు అటూ ఇటూ దొర్లి, చివరికి ఇక లాభం లేదని తిన్నగా సార్ గదికే వెళ్ళాను.

ఆయన రాళ్ళ ముక్కలకు చీటీలు అతికిస్తున్నాడు. మీకూ మాకూ ఏం సంబంధం సార్ అని నిలబడే అడిగాను. ఆయన ఆశ్చర్యపోలేదు, కుర్చీ చూపించాడు. నేను ఇంకా స్కూల్లో చదివే రోజుల్లో ఒకసారి ఆయన విద్యార్థులతో అహోబిలం కొండల నుంచి తిరిగొస్తుంటే బస్సు మా పాక ముందే ఆగిపోయిందట. వాన కూడా పట్టుకుందట. మా అమ్మ అందరినీ లోపలికి పిలిచి జొన్నరొట్టెలు కాల్చి, శెనక్కాయల చట్నీ వేసి పెట్టిందట. నా దరఖాస్తులో నాయన పేరూ ఊరూ చూసి ఆ ఇంటి బిడ్డనని పోల్చుకున్నాడట. నాకు ఆ రోజే గుర్తులేదు. మా అమ్మకైతే ఎవరెవరికి పెట్టిందో లెక్క ఎప్పుడూ ఉండదు.

"మీ అమ్మ చేతి రొట్టె తిన్యానమ్మా," అన్నాడు. "తిన్న ఇంటి బిడ్డకు మార్కులు ఎట్లా వేసేది? తక్కువేస్తే తిన్నది గుర్తుకొస్తాది. ఎక్కువేసినా అదే గుర్తుకొస్తాది. అందుకే లేసిపోతి."

అందుకేనా సార్ ఓబులేసు ఇంట్లో తినలేదు అని నోటిదాకా వచ్చింది. అడగలేదు. దాని బదులు శేషారెడ్డి సార్ చెప్పిందంతా చెప్పేశాను. చెబుతున్నప్పుడే, చెప్పకుండా ఉంటే బాగుండేదని తెలుస్తూనే ఉంది. ఆయన చేతిలో చీటీ అతకని రాయి అలాగే ఉండిపోయింది. "నేను లేసిన ప్రతిసారీనా?" అన్నాడు. తెలియదు సార్ అన్నాను. ఆయన కళ్ళ ముందు ఎవరెవరు తిరిగారో, ఏ అన్న కొడుకు, ఏ దుకాణం, ఏ పేపరు గుర్తొచ్చాయో నాకు తెలియదు. నా గోల నాది. మరి నా ఉద్యోగం నాదేనా సార్ అని అడిగాను. ఆయన ఔనని ఒక్క మాట అంటే చాలు, కాళ్ళకు దండం పెట్టి వచ్చేసేదాన్ని.

"నేను బయటుంటి గదమ్మా. లోపల ఏం జరిగిందో నాకెట్లా తెలుస్తాది?"

అబద్ధమాడి ఉండవచ్చు కదా అని ఆయన మీద నాకు చాలాకాలం కోపం. ఆడి ఉంటే ఆయన మద్దిలేటి సార్ ఎందుకవుతాడు, అది వేరే సంగతి.

ఆ తర్వాత సార్ పడిన అవస్థ చూస్తే నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది. తనవాళ్ళ సంగతి ఉన్న రోజు సెలవు పెట్టి చూశాడు. సార్ సెలవు పెట్టాడంటే ఇందులో ఎవరో ఉన్నారని మిగతావాళ్ళు జాబితా అంతా జల్లెడ పట్టారు. సరే, లేవకుండా గదిలోనే కూర్చుని చూశాడు. ఆయన చూపు ఎవరి దగ్గర ఆగుతుందా అని అందరూ ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నారు. పోనీ నిజం చెప్పేస్తే పోలా అని ఒకసారి, "ఈ పిల్లోడు మా తమ్ముని కొడుకు. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దండి" అన్నాడు. వాళ్ళు దాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఉండడానికి అంత ప్రయత్నం చేసి, బాగా చదివే ఆ పిల్లవాడిని పక్కన పెట్టేశారు. తమ్ముడు ఇంటికొచ్చి, అన్నగా పుట్టి ఏం పీకినావని అడిగి మాటలు మానేశాడు. ఒకరోజు ఫిల్టరు దగ్గర గ్లాసు పట్టుకుని, కూర్చున్నా తప్పే, లేచినా తప్పే, మరి మనిషి యాడుండాలమ్మా అని సార్ నన్ను అడిగాడు. ఆ గొడవంతా మొదలుపెట్టింది నేనే.

ఉద్యోగం దిగిపోయిన వారంలో ఆయన చేసిన మొదటి పని, ఓబులేసు ఇంటికి వెళ్ళి అన్నం పెట్టమని అడగడం. ఆ సంగతి చెబుతూ ఓబులేసు నా ముందే ఏడ్చాడు. ఆ తర్వాత ఒక ఆదివారం ఆళ్ళగడ్డలో మా పాక ముందు బస్సు దిగాడు. నాయన ఉలి ఆపి లేచాడు. సార్ మా అమ్మను చూసి, "అక్కా, రొట్టె ఉంటే పెట్టు. నాకిప్పుడు కుర్చీ లేదు" అన్నాడు. అమ్మకు ఆయనెవరో గుర్తు రాలేదు. అయినా పెట్టింది. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని, అంతకాలం పస్తున్న మనిషిలా తిన్నాడు. నేను మంచినీళ్ళు అందిస్తూ, ఇంత ఆకలి దాచుకుని ఎట్లా తిరిగాడీ మనిషి అనుకున్నాను.

ఇక మొన్నటి ఇంటర్వ్యూ సంగతికి వస్తే, పొద్దున చేతికిచ్చిన జాబితాలో నూర్జహాన్ అనే పేరు చూశాను. నంద్యాలలో ఆ పేరు వీధికొకరికి ఉంటుందిలే అనుకున్నాను. ఆమె వంతు వచ్చి అటెండరు తలుపు తీసి పిలిచినప్పుడు, బెంచీ మీద నుంచి లేస్తూ ఆమె కనబడింది. జుట్టు నెరిసింది. ప్రైవేటు కాలేజీల్లో చాకిరీ చేసీ చేసీ ఇప్పటికి మళ్ళీ ఈ గడప దగ్గరికి వచ్చింది. నాకు తెలియకుండానే లేచాను. నాపరాయి మీద నా కుర్చీ బర్రుమంది. నాకు సంబంధముంది అన్నాను. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మెల్లగా తలలూపారు. శేషారెడ్డి సార్ చెప్పిన అర్థం చేసుకోవడం అదే. అటెండరును ఒక్క నిమిషం ఆగమని చెప్పి, సార్ ఎన్నడూ చెప్పని కారణం నేను చెప్పాను. ఆమె నా బంధువు కాదు, ఒకప్పుడు ఆమె డబ్బాలోది తిన్నాను, ఆమెకు రావలసిన ఉద్యోగం నాకు వచ్చిందేమో కూడా నాకు తెలియదు, నేను లేచింది తీసుకోమనీ కాదు, వద్దనీ కాదు అన్నాను. ఫ్యాను గాలి కోసం కుర్చీ లాక్కున్నాయన నన్ను జాలిగా చూశాడు. "మీరు చెప్పేది నాకేమీ అర్థం కాలేదు మేడమ్. మీరు పోండి, మేం చూసుకుంటాం" అన్నాడు.

ఏం చూసుకుంటారో దేవుడికే తెలియాలి. పక్క తలుపు గుండా వెళ్ళి ఫిల్టరు పక్కన నిలబడ్డాను. గోడకు చెవి పెట్టాలనిపించింది. సార్ అన్నేళ్ళు ఇక్కడ నిలబడి ఏం ఆలోచించేవాడో ఎప్పుడూ అడగలేదని గుర్తొచ్చి, ఆయన మీద బెంగ పుట్టింది. నిజంగా ఏడుపు వచ్చింది.

నూర్జహాన్ బయటికి వచ్చి నన్ను వెతుక్కుంటూ వరండాలోకి వచ్చింది. ఆ రోజు లాగే నవ్వుతోంది. బాగా చెప్పానంది. నువ్వు లోపలుంటావనుకుంటి, యాడికి పోయినావ్ అంది. ఫిల్టరు అరుగు మీద సంచి పెట్టి డబ్బా తీసి, మూతలో సగం ఉగ్గాని పెట్టి నా ముందుకు జరిపింది. పసుపు, నిమ్మకాయ, వేయించిన పప్పుల పొడి వాసన ముక్కుకు తగిలి నోట్లో నీళ్ళూరాయి. ఈరోజు వద్దు నూర్జహాన్, ఫలితం రానీ, తర్వాత మీ ఇంటికే వచ్చి తింటానన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. ఆ ముఖాన్ని నేను ఎరుగుదును, పెళ్ళి పందిట్లో ఓబులేసు ముఖమది. తట్టుకోలేక కారణమంతా చెప్పాను, రొట్టె దగ్గర్నుంచి కుర్చీ దాకా.

ఆమె ఓపిగ్గా విన్నది. మూత ఇంకా నా ముందే ఉంది.

"అట్లనా. అయితే ఆ పొద్దు తిన్యావే, దాన్నేం చేస్తావ్?"