అందని పిలుపు

మా మేనమామ ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపేవాడు. వరి కోతలైనాక మందని అనంతసాగరం దిక్కుకి తోలేవాడు. రాత్రిపూట రైతు చేలో మంద పెడితే చేనికి ఎరువు, పగలు గొర్రెలకి మేత. దీనికో కట్టుబాటు ఉండాది. మంద తయారుగా ఉండాదని కాపరి చెప్పాల, రైతు పిలవాల. పిలవకపోతే వద్దన్నట్టే. ఇంకోసారి అడిగితే పిలవని పేరంటానికి పోయినట్టు.

ఆత్మకూరులో నాది సెల్‌ఫోన్ రిపేరు అంగడి. ఇట్లాంటి కబుర్లు జనం ఫోన్లలోనే పెట్టుకోని, అందరూ వినేదానికి అంగట్లోనే ఒక చిన్న సర్వర్ పెట్టినాను. కలిగిరి కుర్రోళ్లు ఒకటి పెట్టుకున్నారు, అనంతసాగరం వాళ్లు ఒకటి. ఎవరిది వాళ్లదే, ఏ కంపెనీ పెత్తనమూ లేదు. అయినా ఒకదాంట్లో చెప్పిన మాట మిగతావాటిలో వినపడేది. మామకి రాయడం రాదు. నా సర్వర్లోనే గొంతు రికార్డు చేసి పెట్టేవాడు. వానల గురించి, గొర్రెల రోగాల గురించి, మధ్యలో అత్త మీద ఎగతాళి. జనం పడీ పడీ నవ్వేవాళ్లు.

అట్లాంటిదే పెద్ద సర్వర్ ఒకటి హైదరాబాదులో వచ్చింది. ముందు కలిగిరి వాళ్లు అందులోకి పోయినారు, వెనకే అనంతసాగరం వాళ్లు. వాళ్ల సర్వర్లు మూతబడినాయి. "ఇక్కడ ఏం తక్కువైందిరా మీకు?" అని తిట్టినాను. "జనమంతా ఆడే ఉండారన్నా" అన్నారు. అందరూ ఒక్కచోటే చేరే పనైతే ఇన్ని సర్వర్లు పెట్టుకోవడం దేనికి? కడుపు మండిపోయింది.

"నా గొర్రెలు నయంరా, మేత ఉంటేనే కదుల్తాయి" అని నవ్వినాడు మామ. ఆయన కదల్లేదు. తన పాత మాటలన్నీ ఇక్కడే ఉండాయంట.

మొదట్లో పెద్ద సర్వర్ వాళ్ల మాటలు మాకూ, మావి వాళ్లకీ వినపడేవి. తర్వాత చిన్న సర్వర్ల నుంచి చెత్త ప్రకటనలు వస్తున్నాయని ఆ పెద్దోళ్లు మాతో తెంపేసుకున్నారు. ఒక్క ముక్క చెప్పలేదు. మా మాటలు మాకు కనపడతానే ఉండాయి. వాళ్ల మాటలు రాకపోతే కోతల పనుల్లో ఉండారనుకున్నాము, ఇంకెట్ల తెలుస్తాది?

ఆ ఏడు మామ ఎప్పటిలాగే, "మంద తయారుగా ఉండాది" అని గొంతు పెట్టినాడు. నేనూ విన్నాను. రైతులు ఆయనకే ఫోన్ చేసి పిలిచుంటారనుకున్నాను. ఒక్కరూ పిలవలేదు. కొండ కింద గడ్డి మాడిపోయింది. ఒకసారి ఫోన్ చేసి అడగమని అత్త పోరు పెట్టింది. "వద్దన్నోళ్ల కాళ్లు పట్టుకోమంటావా?" అని ఆమె మీద ఎగిరినాడంట. ఆఖరికి మందంతా సంతకి తోలి అమ్మేసినాడు.

తర్వాత ఒకరోజు అనంతసాగరం రైతు ఫోన్ బాగుచేయించుకోను వచ్చినాడు. ఏటా మామ ముందుగా మంద పెట్టేది ఆయన చేలోనే.

"మీ మామకి నామీద కోపమేంది అబ్బయ్యా? మంద తోలుకురమ్మని ఎప్పట్లాగే సర్వర్లోనే ఎన్నిసార్లు పిలిచినా పలకలేదే. వేరేవాళ్లకి ఒప్పుకున్నాడేమోనని ఊరుకున్నా."

ఫోన్ చూపించినాడు. పెద్ద సర్వర్లో ఆయన పిలుపులు వరసగా ఉండాయి. నా సర్వర్లో ఒక్కటీ లేదు. మామ గొంతేమో ఆయన ఫోన్లో లేదు. ఎవర్ని తిట్టాల?

మర్నాడు ఉదయగిరి బస్సెక్కినాను. మామ గొర్రెల దొడ్డి దగ్గర ఊరికే కూర్చోనుండాడు. జరిగింది చెప్పినాను. సర్వర్లు తెగిపోవడం ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు.

"అయితే ఆయన పిలిచినాడా?"

"పిలిచినాడు మామా. చానాసార్లు."

"వద్దనలేదు గదా?"

"లేదు మామా."

తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చినాడు. గొర్రెల్ని అమ్మినరోజు కూడా ఆయన కంట్లో తడి చూడలేదని అత్త చెప్పింది.