బియ్యంలో రాయబోయిన పేరు

మా వీధిలో ఏ ఆడపిల్లకు బారసాల చేసినా మా మేనత్త పిలవకుండానే వెళ్లేది. పళ్లెంలోని బియ్యం మీద ఉంగరంతో పేరు రాస్తుంటే, "దానికర్థం ఏంది?" అని అడిగేది. వెన్నెలనో, వెలుగనో చెబితే తలూపి లేచొచ్చేది.

ఆమె ఐదో ఆడపిల్ల. ఇక ఆడపిల్లలు చాలని అర్థమొచ్చే పేరు పెట్టాడు తాత. ఆ తర్వాత నాన్న పుట్టాడు. పేరు బాగా పనిచేసిందని ఊరంతా చెప్పుకున్నారు.

నా రెండో కూతురి బారసాల నరసరావుపేటలో చేశాం. నేను ఉంగరం పట్టుకోగానే నాన్న, "అక్క పేరే రాయరా, వచ్చే కాన్పులో మగపిల్లోడు పుడతాడు" అన్నాడు. అందరం నవ్వాం.

అత్త బియ్యం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"పిలిచినప్పుడల్లా నన్ను పొమ్మన్నట్టే ఉండేదిరా. దీన్ని గూడా పొమ్మంటావా?" అని నా వంక చూసింది.

నా మొహాన నవ్వు ఇంకా అట్టాగే ఉంది.