కుక్కల పార్కుకి గట్టు

కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది మా నాన్న ఏలూరులో నా దగ్గరకి వచ్చేశాడు. కొల్లేటికోట వైపు ఒక చెరువు మీద కాపలా ఉండేవాడాయన. చెరువే పోయాక కాపలావాడితో ఎవరికేం పని? ఒక ట్రంకుపెట్టె, ఒక కుక్క వెంటబెట్టుకుని మా ఇంటి ముందు ఆటో దిగాడు. అమ్మ అప్పటికే లేదు. నేను స్కూల్లో టీచర్ని, ఒక్కదాన్నే ఉంటున్నాను గనక ఇంట్లో చోటుకేం లోటు లేదు.

కుక్కకే చోటు చాల్లేదు. పుట్టిన దగ్గర్నుంచి చెరువు గట్టు మీద తిరుగుతూ, చేపల కోసం వాలే కొంగల్ని తరమడమే దాని ఉద్యోగం. మా కాలనీలో కొంగలు లేవు. అందుకని స్కూటర్లను తరిమింది, పాలాయన్ని తరిమింది, ఆదివారం తెల్లచీరలు కట్టుకుని చర్చికి వెళ్లే ఆడవాళ్లను మరీ తరిమింది. తెల్లగా కనపడితే చాలు, దాని లెక్కలో అది కొంగే. కట్టేస్తే పొద్దస్తమానం ఏడుపు. నాన్న దాని పక్కనే అరుగు మీద కూర్చుని, నేను పెట్టిన అన్నంలో సగం దానికే పెట్టేవాడు. ఎవరు పలకరించినా ఊఁ అనడం తప్ప నోరు విప్పేవాడు కాదు.

ఒక సాయంత్రం కాలనీ కమిటీ ప్రెసిడెంటు గారు వచ్చారు. బ్యాంకులో చేసి రిటైరైన పెద్దమనిషి, ఎంత కష్టమైన మాటనైనా మెత్తగానే చెబుతారు.

"ఏవండీ టీచరు గారూ, ఏమీ అనుకోకండి. మీ నాన్నగారు ఇక్కడుంటే మాకు సంతోషమేనండి. ఆ కుక్కని మాత్రం ఎక్కడన్నా దూరంగా వదిలేయించండి."

నాకు ఒళ్లు మండింది. అంతకంటే భయం వేసింది. ఆ కుక్కని వదిలేస్తే నాన్న నాకు దక్కడు. ఆ మాట పైకి అనలేక, చూస్తానండి అని పంపించేశాను.

గట్టెక్కించింది ఎదురింటి నర్సమ్మ గారు. హైదరాబాదులో వాళ్ల అక్క ఉండే చోట కుక్కలకి పార్కు కట్టారని, మన కుక్కలన్నిటికీ ఇక్కడా ఒకటి కట్టుకుందామని కాలనీ మీటింగులో లేచి చెప్పింది. మనుషులకే పార్కు లేదు కదండీ అని అందరూ పగలబడి నవ్వారు. నవ్వినవాళ్లే చివరికి ఒప్పుకున్నారు. పార్కు కోసమని వదిలిన స్థలం తుమ్మచెట్లతో, చెత్తతో ఎలాగూ అందరికీ తలనొప్పిగానే ఉంది. చుట్టూ ఇనప వల కంచె వేయించాలనుకున్నారు. మట్టి పని దగ్గరుండి ఎవరు చూస్తారనే మాట వచ్చింది.

"నేను చూస్తానండి," అని, నాతో వచ్చి వెనక కూర్చున్న నాన్న లేచాడు.

ఇక ఆయన్ని పట్టుకోవడం నా వల్ల కాలేదు. నేను స్కూలుకి బయల్దేరే ముందే పార భుజాన వేసుకుని, కుక్కతో సహా వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చి కంచం నిండా తినేవాడు. అది చూసి నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. నేల చదును చేయడమే కదా అని కమిటీ వాళ్లెవరూ అటువైపు తొంగి చూడలేదు, నేనూ చూడలేదు.

తీరా అందరం వెళ్లి చూస్తే, మధ్యలో తవ్వేసి ఉంది. ఆ మట్టంతా నాలుగువైపులా గట్టుగా పోసి, పైన నడవడానికి వీలుగా దిమ్మిస కొట్టించాడు. నీళ్లు బయటికి పోవడానికి ఓ మూల తూము కూడా పెట్టాడు. ప్రెసిడెంటు గారు తల పట్టుకున్నారు.

"ఇదేంటి నాన్నా? కుక్కలకి పార్కు కట్టమంటే చెరువు తవ్వావు?"

"గట్టు లేకపోతే కుక్క ఎక్కడ నడుస్తాదమ్మా?" అన్నాడు, నాకు ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

తమాషా ఏంటంటే, కుక్కలకి అది నచ్చింది. మాది ముందు నడుస్తుంటే వీధి కుక్కలన్నీ దాని వెనకే గట్టు చుట్టూ తిరిగాయి. కాలనీ పిల్లలు చప్పట్లు కొట్టారు. పోనీలెండి, ఇదీ బాగానే ఉందన్నారు పెద్దవాళ్లు. ఆ కొద్ది రోజులూ మా ఇంట్లో నవ్వులున్నాయి.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. వీధి కాలవ తూము కంటే ఎత్తులో ఉండటంతో, నీళ్లు బయటికి పోవడం మాని లోపలికే వచ్చాయి. ముసురు విడిచిన పొద్దున నేను వెళ్లేసరికి పార్కు నిండా నీళ్లు. ఎక్కణ్ణుంచి వచ్చాయో కొంగలు వాలుతున్నాయి. కుక్క గట్టు మీద పరుగులు తీస్తూ వాటిని లేపుతోంది. నాన్న లుంగీ ఎగ్గట్టి నిలబడి పెద్దగా నవ్వుతున్నాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా నేను వినలేదు.

"చేపపిల్ల ఎప్పుడు వదులుతారమ్మా?" అని అడిగాడు.

వేళాకోళం అనుకుని మొహంలోకి చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు.

దోమలు పెరిగాయి. పిల్లలు జారి పడతారని తల్లులు గోల పెట్టారు. పూడ్చేద్దామని కమిటీ అంటే నేను కాదనలేకపోయాను, వాళ్ల తప్పేం లేదు. పొక్లెయిన్‌ని, గ్రావెల్ టిప్పర్లను పిలిపించారు. ఆ రోజు నాన్నని ఇల్లు కదలనివ్వకూడదని సెలవు కూడా పెట్టాను. కానీ మిషను చప్పుడు వినగానే తినే కంచం ముందు నుంచి లేచిపోయాడు.

నేను పరుగెత్తి వెళ్లేసరికి గట్టెక్కి, మిషను ఎదురుగా చేతులు జోడించి ఉన్నాడు.

"బాబూ, లోపల చేపలున్నాయండి. పట్టుకునేదాకా ఆగండి."

కొల్లేట్లోనూ ఇదే మాట అడిగాడట. అక్కడ ఎవరూ ఆగలేదు. ఇక్కడి డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఆ నీళ్లలో కప్పలు తప్ప ఏమీ లేవు. అయినా అక్కడున్న ఒక్కరూ నవ్వలేదు. ప్రెసిడెంటు గారు బురదలోనే గట్టెక్కి నాన్న చెయ్యి పట్టుకున్నారు.

"పట్టేశామండి పెద్దాయనా. పొద్దున్నే పట్టేశాం. ఒక్క చేప కూడా మిగల్లేదండి."

నాన్న నా వైపు తిరిగాడు. "నిజమేనా అమ్మా?"

"నిజమే నాన్నా."

"మరి కుక్కకి వేశారా?"

చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున మొదటి చేప కాపలా కుక్కదే. అది ఆ చెరువుల మీద ఆనవాయితీ. కుక్క ఆయన కాళ్ల దగ్గరే ఉంది. ఆయన జవాబు కోసం చూస్తున్నాడు.

"వేశాం నాన్నా," అన్నాను.

ఆయన వంగి దాని తల నిమిరాడు. "అయితే ఇంక మనకిక్కడ పనేముంది, పద," అని దానితో పాటు గట్టు దిగాడు.