మూలపీపా మీద అనుమానం

పాలకేంద్రంలో పనిచేసిన రోజుల్లో మేస్త్రి ముక్కంటే ఆవులకు కూడా హడలేనట. బిందె మూత తియ్యకముందే, పొద్దున ఆ ఆవు ఏ గేదెతో పోట్లాడి వచ్చిందో చెప్పేసేవాడని చూసినవాళ్ల మాట. చూసినవాళ్లెవరో ఇంతవరకూ తేలలేదు. పాలలో నీళ్లు కలిపేవాళ్లు మాత్రం ఆయన్ని చూడగానే సందు మార్చేవాళ్లు, అది నిజం.

ఆ ముక్కు సంగతి చెవిన పడి, వైన్ తయారుచేయించే యజమాని ఆయన్ని పిలిచి పనిలో పెట్టుకున్నాడు. సీసాలు కడిగే తొట్టి దగ్గర చేరినవాడు ద్రాక్ష పిండే గదికి, అక్కణ్నుంచి పీపాల గదికి పాకి, చివరికి మొత్తం పనికి మేస్త్రి అయ్యాడు. పీపాల గదిని ఆనుకునే కాపురానికి ఇల్లు కూడా ఇచ్చారు.

పని నేర్పిన పెద్దమేస్త్రి సెలవు తీసుకుంటూ ఒక మాట చెప్పాడు. “కొత్త వైన్‌లో పచ్చి పులుపు ఉంటుందిరా. దాన్ని తిని మెత్తబరిచే క్రిములు లోపలే ఉంటాయి. కాస్త వెచ్చదనం తగిలితే పని చేస్తాయి, చలేస్తే ముసుగుతన్ని పడుకుంటాయి.”

తన తరవాత ఇంకెవడికీ పేరు రాకూడదనే ముసలాయన ఈ కాకమ్మ కబుర్లు చెబుతున్నాడనుకున్నాడు మేస్త్రి. చలికాలమంతా పీపాల గది కిటికీలు బార్లా తెరిచిపెట్టాడు. వైన్‌కు పొగ వాసన పడుతుందని, వంటింట్లో తప్ప ఇంకెక్కడా నిప్పు రాజెయ్యొద్దని ఇంట్లో హుకుం జారీచేశాడు.

ఆయన పని తీరే అంత. ద్రాక్ష తియ్యగా ఉందంటే నమ్మడు. గింజ కొరికి, అది పటుక్కుమంటేనే కొయ్యమంటాడు. తీపి కొలిచే గొట్టాన్ని నమ్మక రెండో గొట్టం తెప్పించాడు. రెండూ ఒకే మాట చెబితే, కూడబలుక్కున్నాయన్నాడు.

ఇంత చేసినా నిరుడు తీసిన వైన్ తాగినవాళ్లకు పళ్లు జివ్వుమన్నాయి. యజమాని పిలిపించి ఒకటే మాటన్నాడు. “ఈసారీ ఇలాగే ఉంటే వేరే మనిషిని చూసుకుంటానయ్యా. ఇల్లు ఖాళీ చెయ్యాలి మరి.”

మళ్లీ చలికాలం వచ్చింది. కొత్త పీపాలన్నీ రుచి చూస్తూ వెళ్తే అన్నీ పచ్చి పులుపే. మూలన గోడకు ఆనించిన పీపా ఒక్కటే నాలుక మీద పట్టులా జారింది. వేరేవాడైతే ఎగిరి గంతేసేవాడు. మేస్త్రి కనుబొమ్మలు ముడిపడ్డాయి.

“ఇందులో ఎవరో ఏదో కలిపారు.”

అనుమానం నేరుగా ఇంట్లోనే ఉంటున్న అత్తగారి మీదికే పోయింది. ఆవిడ మధ్యాహ్నం భోజనం కాగానే మాయమై, సాయంత్రానికి బుగ్గలు ఎర్రబడి తిరిగొస్తోంది. మూలపీపాలోంచి గ్లాసు గ్లాసు తాగి, తరిగిన మేరకు తేనెనీళ్లు పోస్తోందన్నమాట! పాలవాళ్ల దగ్గర చూడని విద్యా ఇది?

“ఏమే, మీ అమ్మ ఈమధ్య తెగ నవ్వుతోందేం?” అన్నాడు భార్యతో.

“నవ్వినా తప్పేనా? ఏడిస్తే ఏం కలిపి ఏడ్చిందో అంటారు.”

“ఎక్కడికెళ్తోంది రోజూ?”

“మీ ముక్కునే అడగండి. మొన్న పొగ వాసనొస్తోందని ఇస్త్రీ దుకాణం మీదికి దెబ్బలాటకు వెళ్లిందిగా, దానికి తెలియందేముంది?”

మేస్త్రి మూలపీపా బిరడా మీద లక్కముద్ర వేశాడు. కొన్నాళ్లకు చూస్తే ముద్ర చెక్కుచెదరలేదు, వైన్ మాత్రం ఇంకాస్త మెత్తబడింది. పీపాకు చెవి ఆనిస్తే లోపల సన్నగా చిటపట. దొంగముద్ర కూడా చేయించిందని ఖాయపరుచుకుని, పీపాను దొర్లించుకొచ్చి వాకిలి పక్కన, తన బల్ల దగ్గర పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీలోంచి చలిగాలి రివ్వున కొడుతున్నా కదల్లేదు.

చిటపట ఆగిపోయింది. ఎన్నాళ్లు చూసినా రుచి ఉన్నచోటే ఉంది.

“చెయ్యి అందక ఆగింది! ఇంకేం రుజువు కావాలి?”

ఆ మధ్యాహ్నమే అత్తగారి వెనకాల పిల్లిలా నడిచాడు. ఆవిడ పీపాల గది గోడవతలున్న సామాన్ల గదిలోకి దూరి తలుపు వేసుకుంది. మేస్త్రి ఒక్క తోపు తోశాడు. కిందిసందులో కుక్కిన తడిగుడ్డ జారిపోయి తలుపు తెరుచుకుంది.

“దొరికిపోయారు అత్తయ్యా!”

గోడలోకి కట్టిన పాత పొయ్యి భగభగ మండుతోంది. పొయ్యి ముందు కాళ్లు చాపుకుని అత్తగారు.

“మోకాళ్ల నొప్పులు బాబూ! నువ్వు నిప్పు వద్దన్నావని దాచుకుని కాచుకుంటున్నా. పొగ వీధిలోకే పోతుందిలే.”

మేస్త్రి చెయ్యి చాచి గోడ తడిమాడు. వెచ్చగా ఉంది. అవతల సరిగ్గా అక్కడే ఉండేది మూలపీపా. పెద్దమేస్త్రి మాట నిజమే. తనే ఆ పీపాను కాపలా కాసి మరీ చలికి అప్పగించాడు.

“పొయ్యి ఆర్పెయ్యమంటావా?”

“వద్దు వద్దు! ఇంకో నాలుగు కట్టెలు వెయ్యండి.”

“పొగ వాసన పడుతుందేమో బాబూ? పైగా కట్టెలు మొయ్యాలంటే నా మోకాళ్లు...”

“నేను మోస్తాను అత్తయ్యా.”

మోశాడు. కిటికీలు మూశాడు. పీపాలను వంతులవారీగా గోడ పక్కకు దొర్లించాడు. ఒకదాని తరవాత ఒకటి చిటపటలాడి సద్దుమణిగాయి. అత్తగారు కట్టెలు సరిగ్గా వేస్తోందో లేదోనని మాత్రం పూటపూటకీ తలుపుసందులోంచి తొంగిచూసేవాడు.

యజమాని వచ్చి మొదటి గుక్క తాగాడు. పళ్లు జివ్వుమనలేదు. ఇంకో పీపా, ఇంకో గుక్క. కళ్లు చికిలించి మేస్త్రి వైపు చూశాడు. ఒకప్పుడు పాలబిందెల వైపు మేస్త్రి చూసిన చూపే అది.

“పని నీదేలే, ఇల్లూ నీదే. కానీ నిజం చెప్పవయ్యా, ఏం కలిపావిందులో?”

“ఏమీ లేదండీ, అవతల మా అత్తగారు మోకాళ్లు కాచుకుంటేనూ...”

“కబుర్లు చెప్పకు!”

వెళ్తూ వెళ్తూ యజమాని పీపాలన్నిటి మీదా తన సొంత లక్కముద్ర వేయించి మరీ వెళ్లాడు.