డ్రైయర్‌లో తిరిగిన అద్దాలు

నా చిన్నప్పుడు నాకు తెలియనిది ఏది ఎదురైనా లైబ్రరీకి పరుగెత్తేదాన్ని. అమెరికాలో, ప్లెయిన్స్‌బరో అనే ఊళ్ళో, మా అపార్ట్‌మెంటు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉండేది అది. తెలుగు చదవడం కూడా అక్కడి ఒకే ఒక్క తెలుగు అరలోని బొమ్మల పుస్తకాలతో కూడబలుక్కుని నేర్చుకున్నాను. పాముల గురించి, రొట్టె పిండి పొంగడం గురించి, ఈత గురించి, అన్నీ పుస్తకాల్లోనే తెలుసుకున్నాను. నీళ్ళలోకి మాత్రం దిగలేదనుకోండి. ఆ గర్వం నాకు ఇప్పటికీ పోలేదు, పోవాలనీ లేదు.

ఒక వేసవిలో లైబ్రరీవాళ్ళు పిల్లల చేతిపనులన్నీ ఒక బల్ల మీద పెడతామన్నారు. వచ్చినవాళ్ళెవరైనా వాటిని తాకి చూడవచ్చు. అందుకని ముట్టుకుంటే ఊడిపోయేది ఏదీ పెట్టనివ్వరు. జిగురుతో అతికించినదీ పనికిరాదు. నేను అద్దాల కుట్టు ఎంచుకున్నాను. మార్వాడీ ఆడవాళ్ళు ఘాగ్రాల మీద, ఓణీల మీద కుట్టే ఆ పని గురించి లావాటి పుస్తకం ఒకటి అక్కడే దొరికింది. అందులో ఎర్రటి గుడ్డ మీద అద్దాలు నీటి చుక్కల్లా మెరుస్తున్నాయి. ప్రపంచంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆ భవనంలో, నా పేరు రాసిన చీటీ పక్కన, అలాంటి గుడ్డ ఒకటి ఉండాలని నా కోరిక.

కుట్టాను. ఊడిపోయాయి. మళ్ళీ కుట్టాను. కారు సీట్లో ఒక అద్దం, అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఒక అద్దం దొరికాయి. జిగురు పెట్టేస్తే ఎవరికి తెలుస్తుందే అని అమ్మ అంది. నాకు తెలుస్తుంది కదా అని ఏడ్చాను.

మెట్ల మీద రాలిన అద్దాన్ని పట్టుకుని ఒక మధ్యాహ్నం పై అంతస్తులో ఉండే మార్వాడీ బామ్మ మా తలుపు తట్టింది. మేమంతా ఆవిడను వాళ్ళ మనవల్లాగే దాదీ అనేవాళ్ళం. ఆవిడ పుట్టిల్లు జోధ్‌పూర్ వైపు. పెళ్ళయిన నాటి నుంచీ హైదరాబాదులో, బేగంబజార్‌లో ఉంది. కొడుకు దగ్గర కొన్ని నెలలు గడపడానికి వచ్చింది. తెలుగు గడగడా మాట్లాడేది. అణకువ అన్నది మచ్చుకైనా లేదు. తనలా కుట్టేవాళ్ళు అటు జోధ్‌పూర్‌లోనూ ఇటు అమెరికాలోనూ లేరని గుమ్మంలో నిలబడే చెప్పేసింది. తరువాత నా గుడ్డను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"అద్దానికి బట్టలు తొడగలేదు కదనే నువ్వు. చలి పెట్టి పారిపోయింది పాపం."

అద్దానికి చిల్లు ఉండదు. దాని మీదుగా అడ్డంగా రెండు దారాలు, నిలువుగా రెండు దారాలు బిగించి, ఆ దారాలను పట్టుకుని చుట్టూ కుట్టు వేయాలి. అద్దం బాగా కనబడాలని నేను ఆ దారాలను అంచుల్లోనే వేస్తున్నాను. దాదీ వాటిని నడుమకు జరపమంది. అలా వేసి చూస్తే అద్దం సగం దాగిపోయింది. పుస్తకంలో ఇలా లేదని వాదించాను. బొమ్మ తెచ్చి చూపించాను కూడా. ఆవిడ ఒప్పించే ప్రయత్నం చేయలేదు.

"సరే, నీవి నువ్వు కుట్టు, నావి నేను కుడత. ఎవరివి ఉంటయో మెషీన్ చెప్తది," అంది.

ఒకే గుడ్డ మీద ఒక పక్క ఆవిడ, ఒక పక్క నేను కుట్టాం. ఆ గుడ్డను దిండు గలీబులో వేసి, మూతి ముడేసి, కింద అందరూ బట్టలు ఉతుక్కునే గదికి తీసుకెళ్ళింది. అమ్మ వద్దంటున్నా వినకుండా, గిరగిరా తిప్పి బట్టలు ఆరబెట్టే డ్రైయర్‌లో పడేసింది. దాని గుండ్రటి తలుపు ముందు ముగ్గురం నిలబడ్డాం. కాసేపు మెత్తటి చప్పుడే. తరువాత లోపల టక్కుమంది.

"నీదే," అంది దాదీ, నా వైపు చూడకుండా.

మళ్ళీ టక్కుమంది.

"అదీ నీదే."

అమ్మ నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. గలీబు విప్పితే నా అద్దాలన్నీ అడుగున పడి ఉన్నాయి. దాదీవి ఒక్కటీ కదల్లేదు. అంతేకాదు, ఆవిడ అద్దాలు నావాటి కంటే పెద్దగా కనబడుతున్నాయి. అప్పుడు అర్థమైంది. నడుమ వేసిన దారాలను చుట్టూ వేసే కుట్టు అంచుల వైపు లాగుతుంది. లాగినకొద్దీ దారం బిగుస్తుంది, అద్దం బయటపడుతుంది. ముందే అంచున వేస్తే లాగడానికి ఏమీ మిగలదు.

ఇంటికి వచ్చి పుస్తకం మళ్ళీ తెరిచాను. పక్క పేజీలో, పూర్తికాని కుట్టు బొమ్మలు చిన్నవి ఉన్నాయి. మెరిసే బొమ్మను చూసిన తొందరలో వాటిని దాటేశానన్నమాట. ఆ పేజీలన్నీ దాదీకి తెలుగులో చెప్పాను. గాజు అద్దాలు దొరకని కాలంలో అభ్రకం ముక్కలు కుట్టేవారని చదివితే ఆవిడ సూది ఆపింది.

"మా నాన్నమ్మ ఈ అద్దాల్ని అభ్రక్ అనేది. ఎందుకో నాకు ఇన్నేండ్లు తెల్వదు. చదువు, ఇంకా చదువు."

అలా ఆ వేసవి మధ్యాహ్నాలు ఆవిడ కుట్టించింది, నేను చదివాను.

బల్ల సర్దే శనివారం దాదీ తన మంచి ఓణీ వేసుకుని, తెల్ల కేన్వాస్ బూట్లతో మాతో వచ్చింది. లైబ్రేరియన్ నా గుడ్డను మెచ్చుకుంది కానీ గాజు కదా అని సందేహించింది. రెండు మూలలు పట్టుకుని బల్ల మీద మెల్లగా దులిపింది. చప్పుడు లేదు. సరేనని మడత పెట్టబోతుంటే దాదీ నన్ను మోచేత్తో పొడిచింది.

"గట్టిగ దులపమను. అట్ల దులిపితే దుమ్ము కూడ పోదు."

ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. లైబ్రేరియన్ నవ్వి, ఈసారి చేతులు పైకెత్తి ఝాడించింది. ఇంకోసారి ఝాడించింది. గది కప్పు మీదా గోడల మీదా వెలుగు చుక్కలు ఎగిరాయి. పుస్తకాల దగ్గరున్న పిల్లలు తలెత్తి వాటి వెంట పరుగెత్తారు. కింద ఒక్క అద్దమూ పడలేదు. నా పేరున్న చీటీని ఆవిడ నా చేతికే ఇచ్చి, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోమంది. బల్ల నట్టనడుమ పెట్టాను. దాదీ అందరికీ వినబడేలా నా వీపు తట్టింది.

ఇప్పుడు నన్నే పిల్లలు ఆంటీ అంటున్నారు. ఆ తరువాత ఎన్నో పనులు పుస్తకాలు చూసి నేర్చుకున్నాను. ఏ పనైనా సగంలో చూస్తే ముద్దముద్దగా, ఎందుకూ కొరగానట్టే ఉంటుంది. చూసినవాళ్ళు పెదవి విరుస్తారు. నాకు మాత్రం బెంగ ఉండదు. చుట్టూ వేయాల్సిన కుట్టు ఇంకా మిగిలే ఉందని నాకు తెలుసు. పని పూర్తయ్యాక ఎవరైనా దాన్ని అనుమానంగా పట్టుకుంటే, గట్టిగా దులపమని నేనే అడుగుతాను.