తాళాలక్క తల తిప్పుకున్న రోజు

మా రక్తనిధి కార్యాలయంలో ఆమెను అందరూ తాళాలక్క అనేవారు. అలాగని ఆమె నడుముకు తాళాల గుత్తి వేలాడేదేమీ కాదు. నిజానికి ఇంటి తాళంచెవి కూడా ఆమె దగ్గర నిలిచేది కాదు. ఎక్కడో మరిచిపోయి వచ్చి, కింది వాటాలో ఉండే దర్జీ దగ్గర దాచిన రెండో తాళంచెవితో లోపలికి వెళ్లేది. "ఊరందరి తాళాలూ నీ చేతిలో, మన ఇంటి తాళం మాత్రం దర్జీ చేతిలో" అని భర్త ఏడిపించేవాడు.

ఆమె చేతిలోని తాళాలు కంటికి కనబడేవి కావు. మేం తొమ్మిది ఆసుపత్రులకు రక్తం పంపేవాళ్లం. దాతల వివరాలు, ఏ సంచి ఎక్కడికి వెళ్లిందన్న లెక్క, అన్నీ రైల్లో ఆరు గంటల దూరంలో ఉన్న ఓ సర్వర్లో ఉండేవి. అందులోకి ఎవరు వెళ్లవచ్చు, ఎవరు వెళ్లకూడదు అన్నది చూసుకోవడమే ఆమె ఉద్యోగం. కానీ ఆమె ఆ ఉద్యోగానికి రాలేదు. దాతల కార్డులు టైపు చేయడానికి వచ్చింది.

ఆమె వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. నేను అప్పటికి రెండేళ్లుగా ఫోన్ల దగ్గర కూర్చుంటున్నాను. మా గది రెండో అంతస్తులో ఉండేది. రెండు కిటికీలు, అందులో ఒకటి తెరిస్తే పక్క మేడ గోడే కనిపించేది. కింది అంతస్తులోని ఫ్రిజ్‌ల రొద రోజంతా నేలలోంచి అరికాళ్లకు తెలిసేది. సర్వర్‌తో మాట్లాడాలంటే ఫోను తీగే దిక్కు. మోడెం పిల్లి తోక తొక్కినట్టు అరిచి, గొంతు సవరించుకుని, చివరికి కలిసేది. కలిసినంతసేపూ నా ఫోను మూగబోయేది. "అయిపోయిందా?" అని నేను, "ఇంకొక్క నిమిషం!" అని వాళ్లు. అలా అరుచుకుంటూనే సగం రోజు గడిచేది.

అందరికీ ఒకే పాస్‌వర్డ్. అది మా కార్యాలయం ఫోను నంబరే. గేటు దగ్గర బోర్డు మీద అడుగెత్తు అక్షరాలతో రాసి ఉండేది.

కంప్యూటర్ల పనంతా చూసేది పెద్దాయన. తెల్లని జుట్టు, మోచేతులు అరిగిపోయిన స్వెట్టరు, ఎవరితోనూ అవసరానికి మించి మాట్లాడడు. ఆయన ముందు ఓ పాత కీబోర్డు ఉండేది. ఒక్కో మీట నొక్కితే పక్క గదికి వినిపించేది. ఆమె చేరిన రెండో నెలలో ఒక మధ్యాహ్నం ఆయన బల్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.

"సార్, మనం కొట్టిన పాస్‌వర్డ్ అంత దూరం ఎలా వెళ్తుంది?"

"కార్డు మీద రాసి పోస్టులో వేసినట్టే. దారిలో ఎవడైనా చదువుకోవచ్చు," అన్నాడాయన తల ఎత్తకుండానే.

"మరి కవర్లో పెట్టి అంటించలేమా?"

పెద్దాయన అప్పుడు తల ఎత్తాడు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. "అంటించొచ్చు. ఆ కుర్చీ ఇలా లాక్కో."

అలా మొదలైంది. భోజనాలయ్యాక అరగంట చొప్పున ఎనిమిది నెలలు సాగింది ఆ చదువు. నేను పక్కనే ఉండేవాణ్ణి కాబట్టి నా చెవిలోనూ కొంత పడేది. తీగలో వెళ్లే మాటల్ని దారిలో ఎవరికీ అర్థం కాకుండా ఎలా కట్టి పంపాలో చెప్పాడు. ఒక్కో మనిషికి జోడు తాళంచెవులు ఎలా తయారవుతాయో చూపించాడు. జోడులో ఒకటి సర్వర్లో పెట్టాలి, దాన్ని లోకమంతా చూసినా నష్టం లేదు. రెండోది మాత్రం మన కంప్యూటరు దాటకూడదు. దానికి కూడా మనకొక్కరికే తెలిసిన రహస్య వాక్యం ఒకటి కాపలా ఉండాలి.

ఇంకో పాఠం కూడా చెప్పాడు. ఎవరైనా పాస్‌వర్డ్ కొడుతుంటే ఆయన తల కిటికీ వైపు తిప్పుకునేవాడు. "బట్టలు మార్చుకునే మనిషిని చూస్తామా అమ్మా? ఇదీ అంతే" అనేవాడు.

ఏడాది తిరిగేసరికి ఆమె టైపు బల్ల వదిలి ఆయన పక్క బల్లకు వచ్చేసింది. గేటు బోర్డు మీది పాస్‌వర్డ్ పోయింది. ఎవరి తాళం వాళ్లకొచ్చింది. నాకు కూడా ఒకటి చేయించింది. "ఫోన్లెత్తేవాడికి ఇదెందుకక్కా?" అంటే, "ఫోన్లో దాత దొరికితే పేరు నువ్వే ఎక్కించు తమ్ముడూ, నా మీదికి ఎందుకు తోస్తావ్?" అంది. మేనేజరు తనకు సర్వర్లోని అన్ని గదుల తాళాలూ కావాలని పట్టుబట్టాడు. "అక్కడ మీకు పనేముంది సార్?" అని ఆమె అమాయకంగా అడిగింది. ఆయనకు ఏ పనీ గుర్తు రాలేదు. ఆ తర్వాత ఎవరేం అడిగినా "ఆ తాళాలక్కనే అడగండి!" అని కసురుకునేవాడు. ఆ పేరు అలా స్థిరపడిపోయింది.

ఒక్క విషయంలో మాత్రం పెద్దాయన ఆమె మాట వినలేదు. సర్వర్లో అన్నింటినీ మార్చగల పెద్ద తాళం ఆయనొక్కడి దగ్గరే ఉండేది. "ఇంకొకరికి కూడా ఉండాలి కదా సార్, రేపు మీకు జ్వరమొస్తే?" అని ఆమె అడిగినప్పుడల్లా "చూద్దాంలేమ్మా" అనేవాడు. పదకొండేళ్లు చూశాడు.

ఒక సోమవారం ఉదయం ఆయన స్నానాల గదిలో పడిపోయాడని కబురొచ్చింది. మెదడులో రక్తనాళం మూసుకుపోయిందట. ప్రాణానికి భయం లేదన్నారు. కుడిచేయి కాస్త బరువెక్కింది. మాట మాత్రం పోయింది.

గురువారం తాళాలక్క నా బల్ల దగ్గరికి వచ్చింది. ముఖంలో రక్తం లేదు. "డిస్కు నిండిపోతోంది తమ్ముడూ. కొత్తగా పెట్టిన ప్రోగ్రామేదో నిమిషానికోసారి చిట్టా రాసుకుంటూ పోతోంది. శనివారం దాకా ఆగదు. దాన్ని తుడిచే అధికారం నాకు లేదు."

నిండితే ఏమవుతుందో నాకు తెలుసు. కొత్త సంచి ఒక్కటి కూడా నమోదు కాదు. ఏ రక్తం ఏ ఆసుపత్రికి వెళ్లిందో చెప్పలేం. పాత రిజిస్టర్లు దుమ్ము దులిపి బయటికి తీశాం. కానీ నలభై వేల కార్డులను కాగితం మీద వెతకడం ఎవరి తరం?

"మనిషిని పంపి ఆ మిషన్ని ఆపి మళ్లీ లేపమను!" అన్నాడు మేనేజరు.

"ఆపితే లేవదు సార్. డిస్కుకు ఇంకో తాళముంది. అదీ పెద్దాయనకే తెలుసు."

ఆ మధ్యాహ్నం మేమిద్దరం ఆసుపత్రికి వెళ్లాం. పెద్దాయన మమ్మల్ని గుర్తుపట్టి నవ్వాడు. ఏదో చెప్పబోయాడు. "అదే... అదే..." అన్న మాటొక్కటే వచ్చింది.

"మంచినీళ్లు కావాలన్నా అదే, కిటికీ మూయమన్నా అదే," అంది ఆయన భార్య చెంగుతో కళ్లొత్తుకుంటూ. "కలం ఇస్తే గీతలు గీస్తున్నారు."

తాళాలక్క ఆ రోజు సర్వర్ ఊసే ఎత్తలేదు. పక్కన కూర్చుని ఆఫీసు కబుర్లు చెప్పింది. అయితే దుప్పటి మీద ఆయన వేళ్లు ఊరికే ఉండటం లేదని గమనించింది. ఏదో టైపు చేస్తున్నట్టు కదులుతున్నాయి. మెట్లు దిగుతూ నాతో అంది: "మాట పోయింది కానీ, చేతులకు గుర్తుందేమో తమ్ముడూ."

మర్నాడు పొద్దున ఆఫీసులో ఆయన వాడే, పెద్ద తాళం ఉన్న ల్యాప్‌టాప్ తీసుకుని వెళ్లాం. మేనేజరు కూడా వెంట వచ్చాడు. డాక్టరమ్మ పది నిమిషాలకు ఒప్పుకుంది. పెద్దాయన భార్యను అడిగాక తాళాలక్క ఆయన్నీ అడిగింది.

"సార్, సర్వర్ నిండిపోతోంది. మీరు తలుపు తీస్తే చాలు, లోపల నేను శుభ్రం చేసుకుంటా. ఇష్టం లేకపోతే వద్దనండి, వెళ్లిపోతాం."

ఆయన ఆమె వంక చూసి మెల్లగా తలాడించాడు.

భోజనం బల్లను మంచం మీదికి జరిపి ల్యాప్‌టాప్ పెట్టింది. రహస్య వాక్యం అడిగే చోటికి తెచ్చింది. అక్కడ ఏం కొట్టినా తెర మీద చుక్క కూడా పడదు.

"వేళ్లు చూసి రాసుకో," అని గుసగుసలాడాడు మేనేజరు, కాగితం అందిస్తూ. "మళ్లీ మళ్లీ ఈయన్ని బతిమాలుతామా?"

"రాయను సార్. అది ఆయన తాళం. తలుపు తీస్తే నా తాళం నేను పెట్టుకుంటా." ఆమె లేచి తల కిటికీ వైపు తిప్పుకుంది. "మీరు కూడా ఇటు తిరగండి."

"ఇప్పుడా నీ మర్యాదలు?"

"తిరగండి సార్."

ఆయన సణుగుతూ తిరిగాడు. నేనూ తిరిగాను. ఎదురుగా మేడ పిట్టగోడ మీద మూడు చొక్కాలు ఆరుతున్నాయి. వెనక మీటల చప్పుడు, ఆగడం, మళ్లీ చప్పుడు. తప్పు. రెండోసారి తప్పు. మూడోసారీ తప్పు. పెద్దాయన అరచేత్తో బల్లను కొట్టాడు. "అదే! అదే!" అంటుంటే కళ్ల వెంట నీళ్లు కారాయి. డాక్టరమ్మ వచ్చి ఇక చాలంది.

వరండాలో మేనేజరు మండిపడ్డాడు. తాళాలక్క వినడం లేదు. గోడకు ఆనుకుని తన వేళ్లను తానే చూసుకుంటోంది. ఉన్నట్టుండి, "అయ్యో నా మతిమండ! ఆయన ఎప్పుడైనా ఈ ల్యాప్‌టాప్ మీటలు నొక్కారా? పాత కీబోర్డు తగిలించుకునే కదా కొట్టేవారు! తమ్ముడూ, పరిగెత్తు!" అంది.

నేను బండి మీద ఆఫీసుకు వెళ్లి ఆ కీబోర్డు పీక్కుని వచ్చాను. సాయంత్రం నాలుగింటికి డాక్టరమ్మ ఇంకో ఐదు నిమిషాలిచ్చింది. కీబోర్డు ఒళ్లో పెట్టగానే పెద్దాయన దాని అంచును బొటనవేలితో నిమిరాడు. మేం ముగ్గురం కిటికీ వైపు తిరిగాం. ఈసారి మేనేజరుకు ఎవరూ చెప్పాల్సి రాలేదు.

టకటకమని వరుసగా వినిపించింది, మా గదిలో ఇన్నేళ్లుగా విన్న అదే చప్పుడు. కుడిచేయి ఒకచోట తడబడింది. ఆయన అంతా చెరిపేసి మొదటినుంచి మొదలుపెట్టాడు. చివర్లో పెద్ద మీట దబ్బుమంది.

"అదే," అన్నాడు పెద్దాయన.

తిరిగి చూస్తే తలుపు తెరుచుకుని ఉంది. తాళాలక్క చిట్టాలు తుడిచింది, తన తాళం ఎక్కించింది. "రెండోది తమ్ముడికి ఇవ్వనా సార్?" అని అడిగింది. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లాడినైపోయాను. తలాడించాడు. బయటికొచ్చాక తాళాలక్క మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. మేనేజరు ఏం చేయాలో తోచక ఆమెకు తన రుమాలిచ్చాడు.

తర్వాతి వారమంతా డిస్కుకు కొత్త తాళం వేయడానికి పట్టింది. ఆ కొత్త రహస్య వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, రెండు కవర్లలో అంటించి, రెండు ఆసుపత్రుల బీరువాల్లో పెట్టించింది. ఎవరు ఉద్యోగం మానినా ఆ సాయంత్రానికే వాళ్ల తాళం తీసేసేది, వీడ్కోలు కేకు కోసిన చేత్తోనే. కొందరు నొచ్చుకునేవారు. "మీ మీద అనుమానమా ఏంటండీ, రేపు ఏదైనా జరిగితే మీ పేరు రాకూడదని" అని సర్దిచెప్పేది.

పెద్దాయనకు మాట నెమ్మదిగా తిరిగొచ్చింది. నాలుగు నెలల తర్వాత భార్య చేయి పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. తాళాలక్క ఎదురెళ్లి కుర్చీ వేసింది. ఆయన ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగాడు.

"ఆ రోజు... చూశావా?"

"లేదు సార్."

"తెలుసు," అన్నాడు. ఇంకో ఆరేళ్లు బతికాడాయన. ప్రతి నెలా ఒకసారి వచ్చి ఆమె పక్కన అరగంట కూర్చుని వెళ్లేవాడు. ఆ అరగంటలో వాళ్లు మాట్లాడుకున్నది పది మాటలుంటాయేమో.

కిందటేడు తాళాలక్క పదవీ విరమణ చేసింది. ఆ మధ్యాహ్నం తన స్థానంలో వచ్చిన అమ్మాయి "నేను తీసేస్తాలే మేడమ్, మీరు కూర్చోండి" అన్నా వినకుండా, తన తాళం తానే తీసేసుకుంది. ఇప్పుడున్న ఒక్కో సర్వర్లోకీ వెళ్లి తన తాళం నమోదైన వరుస చెరిపేసింది. లోపల ఉన్నంతసేపూ ఏమీ మారలేదు. బయటికొచ్చి మళ్లీ తట్టింది. అనుమతి లేదని తెర మీద పడింది. "హమ్మయ్య," అని చిన్నపిల్లలా నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం ముఖం అటు తిప్పుకుని ముక్కు చీదుకుంది.

మోడెం అరుపులు పోయి చాలా కాలమైంది. గది కూడా మారింది, ఇప్పుడు రెండు కిటికీల్లోంచీ ఆకాశమే కనిపిస్తుంది. నాకింకా ఏడాది సర్వీసుంది. ఆదివారాలు తాళాలక్క ఫోన్ చేస్తుంది. భర్త మోకాళ్ల నొప్పులు, దర్జీ మనవరాలి చదువు, అన్నీ చెప్పుకున్నాక, ఏమీ ఎరగనట్టు అడుగుతుంది.

"డిస్కు ఎంత నిండింది తమ్ముడూ?"

"చెప్పకూడదక్కా. బయటివాళ్లకు చెప్పడం రూలు కాదు."

అవతల ఆమె ఎంతో సంబరంగా నవ్వుతుంది.