మూలలు లేని టీపాయి

నా చిన్నప్పుడు మా ఆర్మూరులో ఇంటికి సామాను కొనేవాళ్ళు ముందు చూసేది బరువే. నలుగురు పడితే తప్ప కదలకూడదు, కాళ్ళకు సింహం గోళ్ళు చెక్కి ఉండాలి, అప్పుడే అది బల్ల. ఇప్పుడు మా మనవరాలు తన కొత్త ఇంటికోసం వెతికి వెతికి అరవై ఏళ్ళ కిందటి టేకు కుర్చీలు కొంటోంది. ఏటవాలు కాళ్ళు, నగిషీ లేని నున్నటి చెక్క, కింద చీపురు హాయిగా దూరేంత జాగా. అవి గదిని పెద్దగా చూపిస్తాయట, ఇప్పటి సామానులాగా రెండేళ్ళకే ఉబ్బి ఊడిపోవట, ఆ కాలపు పనితనమే వేరట. అన్నీ నిజమే. కాని అలాంటి సామాను ఏరికోరి కొన్న మనిషిని నేను మొట్టమొదట చూసింది మా పక్కింట్లో. ఆమె ఎందుకు కొన్నదో ఏ దుకాణంవాడూ చెప్పడు.

పక్కింటి అక్క మొగుడు పసుపు మార్కెట్లో కాంటా దగ్గర పనిచేసేవాడు. మోచేతుల దాకా పసుపే. తాగి కొట్టేవాడు, తాగకుండానూ కొట్టేవాడు. కూర చల్లారితే కొట్టేవాడు, వేడిగా ఉంటే నోరు కాలిందని కొట్టేవాడు. అక్క చెంప మీద పసుపు కనబడితే తాను రాసుకున్నదో, అతని చెయ్యి పడిందో మాకు తెలిసేది కాదు. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. ఆమె తల గోడకు తగిలిన చప్పుడు మేము అన్నం తింటూ వినేవాళ్ళం. వాడంతా వినేది. ఆలుమగల గొడవ అని అందరూ ఊరుకునేవాళ్ళు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

వాళ్ళ ముందు గదిలో అతని తండ్రి చేయించిన పెద్ద బల్ల ఒకటి ఉండేది. దాని మూలలు ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి. అక్క కొత్త సామాను తేవడానికి ముందు ఏడు అతను తోసిన తోపుకు అక్క వెళ్ళి ఆ మూల మీద పడింది. కడుపులో బిడ్డ పోయింది. ఆ నెత్తుటి బట్టలు మా నాయనమ్మే పిండి ఆరేసింది. అక్క తిరిగి లేచి తిరగడానికి చాలా రోజులు పట్టింది. బల్ల మాత్రం ఉన్నచోటే ఉంది.

ఆ రోజుల్లో మా ఊరికి దగ్గర్లోని డ్యాం మీద పనిచేసే ఇంజనీరు ఒకాయనకు బదిలీ అయి, ఇంట్లో సామాను అమ్ముకుని పోతున్నాడని తెలిసింది. బీడీలు చుట్టి కూడబెట్టుకున్న దానితో అక్క రెండు కుర్చీలు, ఒక టీపాయి తెచ్చుకుంది. మొగుడు మార్కెట్లో ఉండగానే మామగారి బల్లను కట్టెల దుకాణానికి ఇచ్చేసింది. నన్ను పిలిచి, నా అరచెయ్యి పట్టుకుని టీపాయి అంచుల వెంట జరిపింది. సబ్బుబిళ్ళ అరిగినట్టు గుండ్రంగా ఉన్నాయి అంచులు.

“చూడు, యాడన్న కుచ్చుకుంటున్నదా?” అంది.

ఒక్క పువ్వన్నా చెక్కని ఈ బోడి సామాను ఎందుకు తెచ్చావని అడిగాను. అక్క తన పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వింది. “మల్ల నెల తప్పిన. గీసారి పడ్డా కడుపుకు తాకద్దు.”

పడకుండా ఉంటానని ఆమె అనలేదు. నాకప్పుడు అది తట్టలేదు.

పొద్దుగూకే వేళకు అతను వచ్చాడు. తండ్రి బల్ల ఏదని అరిచిన అరుపు మా ఇంటిదాకా వినబడింది. నేను వాళ్ళ కిటికీ దగ్గరికి పరుగెత్తాను. అక్క జుట్టు చేతికి చుట్టుకుని గోడకేసి కొడుతున్నాడు. వదిలేసరికి ఆమె టీపాయి మీద పడింది. అది తేలిక గనక పక్కకు జారిపోయింది. అప్పుడతను కుర్చీ ఎత్తి ఆమె వీపు మీద వేశాడు. మళ్ళీ ఎత్తి మళ్ళీ వేశాడు. గట్టి టేకు, కుర్చీకి ఏమీ కాలేదు. అక్క నోట్లోంచి రక్తం కారింది. చెయ్యి నొప్పిపుట్టిందేమో, తిట్టుకుంటూ బయటికి పోయాడు.

నాయనమ్మ వెళ్ళి తడిగుడ్డతో మూతి తుడిచింది. అక్క రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని ఉంది. “చూసినవా అవ్వా, కడుపుకు తాకలే,” అంది, ఏదో గెలిచినదానిలా. ఆ ముఖం నేను మరిచిపోలేను.

నాయనమ్మ టీపాయిని చేత్తో ఒకసారి నిమిరి అంది: “మంచి సామానే తెచ్చినవ్ బిడ్డా. మూలలు లేకుంట జేసుకున్నవ్. కొట్టేటోడు ఇంట్లనే ఉండె గద, వాన్నెవలు నున్నగ జేస్తరు?”

మా వాడ ఆడవాళ్ళు రోజూ మా అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళు. మర్నాడు నాయనమ్మ తన చాట, కత్తెర, తునికాకు కట్ట తీసుకుని వెళ్ళి అక్క ముందు గదిలో ఆ కుర్చీలో కూర్చుంది. ఎండ అరుగు మీదికి వస్తోందని వంక చెప్పి అందరినీ అక్కడికే పిలిచింది. గోడ అవతలి నుంచి విన్నవాళ్ళంతా ఇప్పుడు గోడ ఇవతలికి వచ్చారు. గది నిండిపోయింది.

సాయంత్రం అతను వచ్చాడు. ఎవరూ లేవలేదు. కాసేపు బిత్తరపోయి చూసి, బూతులు మొదలుపెట్టాడు. నాయనమ్మ చాటను కాలితో తన్నితే ఆకు, తంబాకు గదంతా చెల్లాచెదరైంది. ఎవరి ముందు తన మొగతనం చూపించాలనుకున్నాడో గాని, అక్క జుట్టు పట్టుకున్నాడు.

అంతే. ఆడవాళ్ళంతా ఒక్కసారి మీదపడ్డారు. చాటలతో కొట్టారు, గోళ్ళతో రక్కారు, ఒకామె భుజం కొరికి వదల్లేదు. కిందపడేసి ఇద్దరు ఛాతీ మీద కూర్చున్నారు. నాయనమ్మ అతని కుడిచెయ్యి లాగి టీపాయి మీద పరిచింది. చిటికెన వేలును కత్తెర మధ్య పెట్టింది.

“గీ చెయ్యేనారా? తునికాకు కోసినట్టు కోస్త. కోసుడు మాకు కొత్తగాదు.”

తోలు తెగి రక్తం బొట్టుబొట్టుగా చెక్క మీద పడింది. అంత మనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నేను గుమ్మం పట్టుకుని చూస్తున్నాను. నాయనమ్మ అంటే నాకు ఆ రోజు మొదటిసారి భయం వేసింది. భయంతోపాటే, నిజం చెప్పాలంటే, సంతోషం కూడా వేసింది.

వేలు కోయలేదు. అతను మారిపోయాడని కూడా చెప్పను, మారలేదు. భయపడ్డాడు. భయం తగ్గితే మళ్ళీ చెయ్యి లేస్తుందని నాయనమ్మకు తెలుసు. అందుకే బీడీల చాటలు అక్క ఇంట్లోనే ఉండిపోయాయి. చీకటిపడ్డాక కూడా వంతులవారీగా ఎవరో ఒకరు అక్కడే పడుకునేవాళ్ళు. నెలలు నిండి దవాఖానలో అక్కకు ఆడపిల్ల పుట్టింది. చాటలు ఆ తరువాత కూడా మా అరుగు మీదికి తిరిగి రాలేదు.

నేను ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా సామాను చూసి వెంటనే ముచ్చటపడను. గాజుగ్లాసు ఒక్కటీ లేని వంటిల్లు, అటక మీద దాచిన రోకలి, లోపలివైపు రెండు గొళ్ళేలున్న పడకగది కంటపడితే, ఎంత పొందికగా సర్దుకున్నావమ్మా అని మెచ్చుకోవడానికి నోరు రాదు. ఆ ఇంటామెను చాయ్ పెట్టమంటాను. తాగి, ఇంకొకటి పెట్టమంటాను. పొద్దుపోతోంది, ఆయన వచ్చే వేళైందని ఆమె కంగారుపడుతుంది. రానీ అంటాను. అతను వచ్చేదాకా లేవను.